జడలు ఎక్కడ మొదలవుతాయి?

ఈ వారం ఉత్తరం నాలుగు పేజీలుంది. రాసినావిడకు 23 ఏళ్లు. సొంతూరు తెనాలి, హైదరాబాద్‌లో ఒక కంపెనీలో రాత్రి షిఫ్టు ఉద్యోగం. పేరు వేయొద్దన్నారు. క్లుప్తంగా సంగతి ఇది.

ఎనిమిదో తరగతి నుంచి బొమ్మలు వేస్తున్నారు. రెండు జడలు, ఇంతింత కళ్లు ఉన్న ఏడేళ్ల పిల్ల ఆమె సొంత పాత్ర. ఆ బొమ్మలు ఆన్‌లైన్‌లో పెడితే ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా మెచ్చుకుంటున్నారు. అవి చూసి పిల్లల పుస్తకాలు వేసే ఒక చిన్న ప్రచురణ సంస్థ 24 పేజీల కథకు బొమ్మలు అడిగింది. ముందు మూడు పేజీలు నమూనాగా పంపమంది. పిల్ల జామచెట్టు ఎక్కుతుంటే కింద నుంచి చూసినట్టు ఒకటి, నాయనమ్మ కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతుంటే పక్కనే పిల్ల ఒకటి, బస్సు కోసం పరిగెడుతున్న పిల్లను వెనక నుంచి చూసినట్టు ఒకటి. వారం రోజులు కుస్తీ పట్టి పంపితే "ముఖాలు ముద్దొస్తున్నాయి గానీ, మూడు పేజీల్లో ముగ్గురు పిల్లలు ఉన్నట్టుంది" అని జవాబొచ్చింది. పని చేజారింది.

తర్వాత ఏవో వీడియోలు చూశారు. బేసిక్స్ రాకుండా క్యారెక్టర్లు వేయకూడదు, ఏడాది పాటు అవన్నీ పక్కన పెట్టి డబ్బాలు, గోళాలు గీయండి అన్నారట. రెండు నెలల్లో రెండొందల యాభై డబ్బాలు గీశారు. డబ్బాలు బాగా వస్తున్నాయట, పిల్ల రావడం లేదట. చెయ్యి బిగుసుకుపోయింది, పాత బొమ్మలు చూస్తే ఏడుపొస్తోంది అని రాశారు. స్నేహితురాలేమో త్రీడీ బొమ్మల యాప్‌లో పోజు పెట్టుకుని ట్రేస్ చేసెయ్ అంటోంది. తమ్ముడు ఇవన్నీ ఇక ఏఐ చేస్తుందిలే అంటున్నాడు. ఉద్యోగం మానేసి బీఎఫ్ఏ (చిత్రకళలో డిగ్రీ) చేరాలని ఈవిడకుంది, నాన్నగారు వద్దంటున్నారు. చివర రెండు ప్రశ్నలు: "ఏడాది పాటు నా పిల్లను వదిలెయ్యాలా? అసలు నాకు బొమ్మలు వచ్చా, రావా?"

*

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. ఉత్తరంతో పాటు మీరు పంపిన పద్నాలుగు బొమ్మల్నీ టేబుల్ మీద వరసగా పరిచాను. పదకొండింటిలో మీ పిల్ల ఎడమ వైపుకు ముప్పావు వంతు తిరిగి ఉంది. చేతులు కొన్నింట్లో వెనక్కి కట్టుకుంది, కొన్నింట్లో గౌను జేబుల్లో పెట్టుకుంది, ఒకదాంట్లో పూలబుట్ట వెనక దాచుకుంది. పాదాలు ఎప్పుడూ గడ్డిలోనే ఉన్నాయి. మీకు ఒక బొమ్మ చాలా బాగా వచ్చు. ఆ ఒక్కదాన్నీ ఏళ్ల తరబడి దిద్దుకుంటూ వచ్చారు. ప్రచురణకర్త అడిగింది మాత్రం ఆ పిల్ల అటు తిరిగితే ఎలా ఉంటుందని. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. గీయడం కష్టమని బొమ్మల చేతులు జేబులో దాచని చిత్రకారుడిని నేనింకా చూడలేదు.

నా సంగతీ చెబుతాను. వారపత్రికలకు కథల బొమ్మలు వేసే కొత్తలో, చంకన బిందెతో నడిచి వస్తున్న అమ్మాయిని వేసి తీసుకెళ్లాను. ఎడిటర్ గారు కళ్లజోడు సర్దుకుని చూసి, "బిందెలో నీళ్లున్నాయా?" అని అడిగారు. ఉన్నాయన్నాను. "నాకలా అనిపించడం లేదే" అని బొమ్మ వెనక్కిచ్చేశారు. ఇంటికెళ్లి మా అమ్మ చేత నిండు బిందె మోయించి చూశాను, పాపం. బిందె ఉన్న వైపు నడుము బయటికి తోసుకొచ్చింది. ఒళ్లు రెండో వైపుకు వాలింది. ఖాళీగా ఉన్న చెయ్యి దానంతటదే పక్కకు లేచింది. నా బొమ్మలో అమ్మాయేమో గుంజలా నిటారుగా నిలబడి, చంకన బెలూన్ పెట్టుకున్నట్టుంది. ముఖం మాత్రం అద్భుతంగా వేశాను లెండి.

బేసిక్స్ అనే మాటను అందరూ ఒకే మూట లాగా వాడతారు. విప్పి చూస్తే లోపల చాలా ఉంటాయి. గీత, ఆకారం, కొలతలు, బరువు, పర్‌స్పెక్టివ్ (చూసే చోటును బట్టి ఆకారం మారి కనిపించడం), ఎముకలూ కండరాలూ, వెలుగునీడలు, రంగు. అన్నీ ఒకేసారి అందరికీ అక్కర్లేదు. మీ మూడు పేజీలనే పరీక్ష పేపర్ అనుకుని దిద్దితే మీకు ఏవి తక్కువో కనిపిస్తుంది. రంగులు బాగున్నాయి, వాటి జోలికి ఇప్పుడు వెళ్లకండి. నీడలు ఫర్వాలేదు. తప్పినవి కొలతలు, బరువు, ఆకారాన్ని తిప్పడం.

ముందు కొలతలు. మీ పిల్ల తల ఎత్తును దారంతో కొలిచి ఒళ్లంతా ఎన్ని తలలుందో చూశాను. జామచెట్టు పేజీలో దాదాపు ఐదు, కత్తిపీట పేజీలో నాలుగు, బస్సు పేజీలో మూడున్నర. ముగ్గురు పిల్లలు అని ప్రచురణకర్త అన్నది అందుకే. ఆయనకు లెక్క తెలియకపోవచ్చు, కంటికి తెలుస్తుంది. మామూలుగా పెద్దవాళ్లు ఏడున్నర తలల ఎత్తు ఉంటారు, మీ పిల్ల వయసువాళ్లు ఆరు తలల చుట్టుపక్కల. మీది కార్టూన్ పిల్ల కాబట్టి నాలుగే పెట్టుకోండి, అది మీ ఇష్టం. కానీ ఒకసారి నాలుగంటే అన్ని పేజీల్లోనూ నాలుగే. ఇది పరాయివాళ్ల సంగతేం కాదు. మన శిల్పులు దీన్నే తాలమానం అన్నారు. ముఖం పొడవు ఒక తాలం, తాలానికి 12 అంగుళాలు. నవతాల విగ్రహమంటే 108 అంగుళాలు. ఇక్కడ అంగుళం అంటే స్కేలు మీది అంగుళం కాదు, ఆ విగ్రహం ముఖంలో పన్నెండో వంతు. వినాయకుడికి ఐదు తాలాలు చాలు. చిత్రకళకు ఆరంగాలు చెప్పినవాళ్లు కూడా రూపభేదం (రూపాల తేడాలు) తర్వాత రెండో స్థానం ప్రమాణానికే, అంటే కొలతలకే ఇచ్చారు.

ఆకారాన్ని తిప్పడం దగ్గరికొస్తే, మీ డబ్బాల గొడవ ఇక్కడే ఉంది. డబ్బా గీయడం తప్పు కాదు. కానీ డబ్బాకీ మీ పిల్లకీ మధ్య వంతెన ఎవరూ వేయలేదు. అందుకే రెండు నెలలు గీసినా డబ్బాలు డబ్బాలుగానే ఉండిపోయాయి. ఇంట్లో ఏటికొప్పాక బొమ్మ ఉంటే తీసి టేబుల్ మీద పెట్టండి. లేకపోతే చిన్నది ఏదో ఒకటి కొనుక్కోండి. లేత్ మీద తిప్పి చేసిన కర్ర కాబట్టి తల గోళం, ఒళ్లు స్తంభం, పావడా శంఖువు. దాని చుట్టూ లక్క రంగుల పట్టీలుంటాయి చూశారా, వాటిని గమనించండి. మీ కంటి ఎత్తులో ఉన్న పట్టీ తిన్నగా గీతలా కనిపిస్తుంది. దానికి కింద ఉన్నవి కిందికి వంగుతాయి, పోయేకొద్దీ వెడల్పుగా విచ్చుకుంటాయి. బొమ్మను ఎత్తి తల కన్నా పైన పట్టుకుంటే అవే పట్టీలు పైకి వంగుతాయి. పర్‌స్పెక్టివ్‌లో మీకు ఈ నెల కావాల్సింది ఇంతే. జామచెట్టు పేజీలో మీరు కింద నుంచి చూస్తున్నారు. అయినా గౌను అంచు కిందికి వంగి ఉంది, జడ రిబ్బన్లు కిందికే వంగి ఉన్నాయి. అరికాళ్లు పెద్దవిగా, గడ్డం కింది భాగం కనిపిస్తూ, తల చిన్నదిగా రావాలి కదా. మీరు మాత్రం ఎదురుగా నిలబడ్డ పిల్లను కోసి చెట్టుకు అతికించారు.

అదే పట్టీని ఇప్పుడు తలకు చుట్టండి. గోళానికి రెండు పక్కలా కాస్త చెక్కేసి, నుదుటి మధ్య నుంచి నిలువుగా ఒక గీత, కళ్ల మీదుగా చుట్టూ ఒక పట్టీ. 1930, 40ల్లో అమెరికన్ చిత్రకారుడు ఆండ్రూ లూమిస్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది, ఇప్పటికీ అందరూ లూమిస్ తల అనే అంటారు. పెద్దవాళ్లకు కళ్లు తల ఎత్తులో సరిగ్గా సగానికి వస్తాయి, పిల్లలకు సగానికంటే కిందికి. ఆ పట్టీ తల వెనక్కి కూడా వెళుతుంది. అది గుర్తుంటే చెవి ఎక్కడో తెలుస్తుంది, చెవి తెలిస్తే జడ తెలుస్తుంది. మీ పద్నాలుగు బొమ్మల్లో జడలు చెంపల పక్క నుంచి వేలాడుతున్నాయి. ముందు నుంచి చూసినంతసేపూ అది చెల్లిపోయింది. బస్సు పేజీలో పిల్ల వెనక్కి తిరగ్గానే జడలు ఎక్కడి నుంచి మొదలవ్వాలో మీకు తెలియలేదు, మధ్య పాపిట నుంచి తోకల్లా లాగేశారు. ముందొక అద్దం, వెనకొక అద్దం పెట్టుకుని మీ జడనే చూడండి.

ఇక బరువు. ఇది నాకిష్టమైన విషయం, కాస్త ఎక్కువ మాట్లాడతాను.

కత్తిపీట ముందు కూర్చున్న నాయనమ్మను మీరు చీర కట్టిన గుడారంలా వేశారు. పైన తల, పక్కల నుంచి రెండు చేతులు. ఆవిడ నిజంగా ఎలా కూర్చుంటుందో గుర్తు తెచ్చుకోండి. ఒక కాలు మడిచి నేల మీద, రెండో మోకాలు పైకి, ఆ పాదం పీటను కదలకుండా తొక్కి పట్టి. కత్తి అంచు ఆవిడ వైపే ఉంటుంది, వంకాయను రెండు చేతులతో పట్టుకుని ముందుకు నెడుతుంది. అంటే బలం ముందుకు వెళుతోంది, పీట పాదం కింద ఆగి ఉంది, ఒళ్లు గుండ్రంగా వంగి ఉంది. ముందుగా మెడ వెనక నుంచి నడుం కింది దాకా విల్లులా ఒకటే గీత. అర నిమిషంలో అయిపోవాలి, అందంగా ఉండక్కర్లేదు. ఆర్టిస్టులు జెశ్చర్ అనేది దీన్నే. మీ తెనాలిలో విగ్రహాలు చేసే షెడ్డు ఒక్కటైనా చూసే ఉంటారు. ముందు చువ్వలు వంచి చట్రం కడతారు, మట్టి తర్వాత పెడతారు. చువ్వ నిటారుగా ఉంటే పైన ఎంత మట్టి పెట్టినా మనిషి వంగడు.

ఆ గీత కింది చివర కటి భాగం. ఇక్కడ ఒక డబ్బా పెట్టండి. నేల మీద కూర్చున్న మనిషికి ఆ డబ్బా వెనక్కి ఒరుగుతుంది. రెండు నెలలు గీసిన డబ్బాకు ఉద్యోగం దొరికింది. పైన పక్కటెముకల గూడు కోడిగుడ్డులా ముందుకు వాలి ఉంటుంది. డబ్బాకూ గుడ్డుకూ మధ్య ముందువైపు కడుపు నొక్కుకుపోతుంది, వెనక వైపు సాగుతుంది. ఇప్పుడు లేచిన మోకాలు. ఎదురు నుంచి చూస్తే తొడ దాదాపు కనిపించదు, మోకాలి చిప్ప ముందుకొచ్చి దాన్ని కప్పేస్తుంది. పిక్క మాత్రం పూర్తి పొడవు కనిపిస్తుంది. మీకు తొడ పొడవుగా ఉంటుందని తెలుసు కాబట్టి దాన్ని పొడవుగానే గీయాలని చెయ్యి లాగుతుంది. చెయ్యి మాట వినకండి, కన్ను మాట వినండి. చీర అన్నిటికన్నా చివర. మోకాలి కొస దగ్గర గుడ్డ బిగుసుకుంటుంది, అక్కడి నుంచే మడతలు నాలుగు వైపులకూ జారతాయి. మీరు గీసిన మడతలు ఎక్కడి నుంచీ రావడం లేదు, ఎక్కడికీ పోవడం లేదు.

ఇదంతా చదివి, అయితే అచ్చు ఫోటోలా గీయాలా, నా స్టైల్ పోతుందా అని మీకు అనిపించవచ్చు. రామప్ప గుడికి వెళ్లినప్పుడు పైకప్పు అంచున ఉన్న మదనికలను, అంటే ఆ స్త్రీ శిల్పాలను చూసి రండి. 1213 నాటి గుడి. అంత పొడుగు కాళ్లు, అంత సన్నటి నడుము ఏ మనిషికీ ఉండవు. కానీ ఏ కాలి మీద నిలబడిందో, ఎటు వైపు తుంటి లేచిందో, మెడ ఎటు వాలిందో రాయి చెబుతుంది. సాగదీయడం స్టైల్. బరువు ఎటు పడిందో తెలిసి సాగదీశారు కాబట్టి అది కూలిపోలేదు.

సరే, మీ ముందున్న దారుల గురించి.

ఏడాది పాటు పిల్లను పక్కన పెట్టి బేసిక్స్ మాత్రమే చేయొచ్చు. కొందరికి అది కుదురుతుంది. చేతిలో గట్టి క్రమశిక్షణ వస్తుంది, గీత శుభ్రపడుతుంది. కానీ రాత్రి షిఫ్టు చేసి వచ్చి, మీకు ఇష్టమైన దాన్ని ముట్టుకోకుండా రోజూ డబ్బాలే గీస్తే నాలుగో నెలలో పెన్సిలే పక్కన పడేస్తారేమోనని నా భయం. మీ ఉత్తరం చూస్తే రెండో నెలలోనే ఆ వాసన వస్తోంది.

ట్రేసింగ్ దారి ఉంది. అదో మహాపాపం అన్నట్టు మాట్లాడేవాళ్లున్నారు, నేను ఆ జట్టు కాదు. డెడ్‌లైన్ నెత్తి మీద ఉన్నప్పుడు మీరే తీసిన ఫోటో మీద గీసుకుంటే ఎవరికీ నష్టం లేదు. వేరేవాళ్ల ఫోటో అయితే అడగాలి. చిక్కు ఇంకోచోట ఉంది. యాప్‌లోని బొమ్మకు బరువు తెలియదు, దానికి బిందె ఇస్తే బెలూన్‌లాగే పట్టుకుంటుంది. అంచులు మాత్రమే ట్రేస్ చేస్తే 24 పేజీలకు 24 సార్లు యాప్ మీద ఆధారపడాలి. అదే ఫోటో మీద అంచులు వదిలేసి లోపలి విల్లు గీత, డబ్బా, గుడ్డు గీయండి, తర్వాత ఫోటో మూసేసి అదే పోజు చూడకుండా మళ్లీ వేయండి. అప్పుడది చదువు.

మూడోది కలగలుపు. నా మొగ్గు ఇటే, కానీ ఇందులోనూ ఇబ్బంది ఉంది. నెమ్మదిగా ఉంటుంది, ఆన్‌లైన్‌లో పెట్టుకోడానికి చాలా రోజులు ఏమీ ఉండదు, మీ మెచ్చుకోళ్లు తగ్గుతాయి. రోజుకు నలభై నిమిషాలు దొరుకుతాయనుకుందాం. మొదటి పది నిమిషాలు మనుషులు. షిఫ్టు క్యాబ్ కోసం నిలబడ్డవాళ్లు, టీ బండి దగ్గర ఒక కాలి మీద బరువు వేసి నిలబడ్డవాళ్లు, మనిషికి అర నిమిషం. బాల్‌పెన్నుతో, పాత క్యాలెండర్ కాగితాల వెనక. పెన్ను ఎందుకంటే చెరపలేరు, చెరపలేకపోతే చెయ్యి సడలుతుంది. మీ చెయ్యి బిగుసుకోవడానికి కారణం కూడా అదే, రెండు నెలలుగా ప్రతి గీతనూ దిద్దుతున్నారు. తర్వాత పావుగంట ఆ వారం ఎంచుకున్న ఒక్క విషయం: ఈ వారం తల తిప్పడం, వచ్చే వారం అరచెయ్యి. మిగిలిన సమయం మీ పిల్లదే, అదే విషయాన్ని ఆ పిల్ల మీద వాడాలి. తల తిప్పడం నేర్చుకున్న వారం ఆ పిల్ల చీమల బారు చూడ్డానికి వంగాలి, గాలిపటం చూడ్డానికి మెడ ఎత్తాలి. ఇది జరగని రోజున మొదటి పాతికా వృథా అనే అనుకోండి.

బీఎఫ్ఏ గురించి నాన్నగారితో గొడవ పెట్టుకునే ముందు మీరు దేనికోసం వెళ్లాలనుకుంటున్నారో తేల్చుకోండి. హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఉంది, ప్రవేశ పరీక్ష రాయాలి, నాలుగేళ్ల కోర్సు. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి గీయించడం, పక్కన గీసేవాళ్లు ఉండటం, మొహమాటం లేకుండా తప్పు చెప్పే మాస్టారు, ఇవి ఇంట్లో దొరకవు. నాలుగేళ్ల జీతం మాత్రం పోతుంది. డిగ్రీ చూసి పిల్లల పుస్తకాల పని ఇచ్చేవాళ్లు అరుదు, బొమ్మలు చూసే ఇస్తారు. చిత్రకారుడు దామెర్ల రామారావు రాజమండ్రి నుంచి బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్ దాకా వెళ్లి చదువుకున్నారు. బాపు గారు మద్రాసులో చదివింది లా. రెండు దారుల్లోనూ మనుషులు చేరారు. ఇంట్లో మీ జీతం మీద ఎంత నడుస్తోందో ఉత్తరంలో రాయలేదు. ఆ అంకె వేసుకోకుండా ఈ నిర్ణయం తీసుకోవద్దు. ఆరు నెలలు కలగలుపు దారిలో నడిచాక కూడా పక్కన గురువు లేకపోవడమే అడ్డమని అనిపిస్తే, అప్పుడు నాన్నగారికి చూపించడానికి మీ దగ్గర ఆరు నెలల బొమ్మలు ఉంటాయి. ఇప్పుడు చూపించడానికి డబ్బాలున్నాయి.

తమ్ముడి మాటకు నా దగ్గర జోస్యం లేదు. కొన్ని పనులు పోతాయి, ఇప్పటికే పోతున్నాయి. ఆ లెక్కలో కూడా, పేజీ మారితే పిల్ల మారిపోయే బొమ్మలకు డబ్బులివ్వరన్నది మాత్రం మీకు అనుభవమైందే కదా.

ఆ ప్రచురణకర్త మీద కోపం పెట్టుకోకండి. ఏం తప్పో అంత కచ్చితంగా చెప్పినవాళ్లు ఈ రోజుల్లో దొరకరు, చాలామంది జవాబే ఇవ్వరు. రెండు ముక్కల్లో ధన్యవాదాలు రాసి, కొన్నాళ్ల తర్వాత కొత్త నమూనాలు పంపవచ్చా అని అడగండి. వద్దంటే పోయేదేం లేదు. పంపమంటే మూడు పేజీలు హడావిడిగా వేయకండి. ఒకే కాగితం మీద పిల్లను ముందు నుంచి, ముప్పావు వంతు, పక్క నుంచి, వెనక నుంచి వరసగా నిలబెట్టండి. తల పై నుంచి పాదాల దాకా నాలుగు తలల గీతలు అడ్డంగా నలుగురికీ ఒకేలా పోవాలి. పుస్తకం పని చేసేవాళ్లు దాన్ని చూడగానే మీరు 24 పేజీలు మోయగలరో లేదో తెలుసుకుంటారు.

ఆ కాగితం ఒక కాపీ నాకూ పంపండి. ముందు వెనక నుంచి గీసిన బొమ్మనే చూస్తాను, జడలు ఎక్కడ మొదలుపెట్టారోనని.